దుబాసీ అంటోంది

సెప్టెంబర్ 2, మంగళవారం

ఈ నోటుబుక్కు కేంద్రం వాళ్ళు ఇచ్చారు. కొత్త పదాలు రాసుకోవడానికట. నాకు రాని పదాలు వాళ్ళ దగ్గరేం ఉన్నాయో! మొదటి మూడు పేజీలూ వాళ్ళ కోసం నింపేశాను. మిగతా పుస్తకం నాది. గదిలో విన్నది బయట రాయకూడదని సంతకం పెట్టించుకున్నారు కానీ, ఇది బయట ఎలా అవుతుంది? ఈ ఊళ్ళో తెలుగు చదివే మనిషి మా ఆయన ఒక్కరే. ఆయనకి ఫ్రిజ్ మీద నేను పెట్టే చీటీ చదవడానికే తీరిక ఉండదు.

ఇవాళ గదిలో మొదటి రోజు. బోర్డు మీద కొత్తవారి ఆసరా కేంద్రం అని ఉంది. కింద పళ్ళ డాక్టరు ఉండటంతో మెట్లన్నీ లవంగనూనె వాసన. గదిలో మూడు కుర్చీలు వేశారు. కౌన్సెలర్ ఒక వైపు, ఆవిడకి ఎదురుగా వచ్చినావిడ, ఆ వచ్చినావిడ వెనక కాస్త పక్కగా నేను. నా మొహం ఆవిడకి కనపడకూడదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకోవాలి. నేను దుబాసీని, ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పే ఒట్టి గొంతుని.

శిక్షణలో మూడు రోజులు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. ఆవిడ "నాకు తలనొప్పి" అంటే నేను ఇక్కడి భాషలో "నాకు తలనొప్పి" అనాలి. "ఆవిడకి తలనొప్పట" అన్నానో, తప్పు. ఏమీ కలపకూడదు, ఏమీ వదలకూడదు. నా సొంతంగా ఏదన్నా చెప్పాల్సి వస్తే "దుబాసీ అంటోంది" అని మొదలుపెట్టాలి. "దుబాసీ అంటోంది, సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పండి." అంతే. ఆ గదిలో నాకు "నేను" అనే మాట లేదు. నాకు నవ్వొచ్చింది. ఇంత సులువైన పనికి మూడు రోజులు శిక్షణా?

కౌన్సెలర్ మొదలుపెట్టే ముందు నన్ను తలుపు దగ్గర ఆపింది. తల ఊపడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి, కానీ అప్పుడు మాత్రం ఊపలేదు. "ఈవిడ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. భర్త పోయి నాలుగు నెలలు. ఒక్కర్తే ఉంటుంది. ఏమన్నా చేసుకుంటుందేమోనని పనిచోట వాళ్ళే భయపడి పంపారు. ఏ మాటా జారవిడవకు, ఎంత చిన్నదైనా" అంది.

జారవిడవను. ఈ ఒక్క పనిలో నన్ను మించినవాళ్ళు లేరు.

లాండ్రీ ఆవిడకి యాభై దాటి ఉంటాయి. చేతులు నీళ్ళలో నాని తెల్లగా, ముడతలుగా ఉన్నాయి. కూర్చుంటూనే వెనక్కి తిరిగి "నువ్వేనా మా దుబాసమ్మవి? ఇంత చిన్నపిల్లవేంటమ్మా!" అంది. నాకు ముప్ఫై నాలుగు. ముందుకి తిరగమని సైగ చేశాను.

వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను దుబాసమ్మా" అంది. దానికి ఇక్కడి భాషలో సెలవు మాట ఉంది కదా, అదే చెప్పాను.

సెప్టెంబర్ 4

అక్క ఫోన్. ఎలా ఉన్నావే అంది. బ్రహ్మాండంగా ఉన్నాను అన్నాను. ఉన్నాను కూడా. ఇల్లుంది, ఉద్యోగం ఉంది, మా ఆయన మంచివారు. పదకొండు నెలల్లో ఇక్కడివాళ్ళలా మాట్లాడేస్తున్నాను. నాకేం కష్టం?

సెప్టెంబర్ 5

మా ఆయన కుర్చీ జరిపారు. భోజనాల బల్లకి ఉన్నవే రెండు కుర్చీలు. నాది బల్ల దగ్గరనుంచి నేల మీద ఒక పలక ముందుకి, బాల్కనీ వైపు వెళ్ళింది. కాలికి తగిలింది. మళ్ళీ వెనక్కి పెట్టాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

లాండ్రీ ఆవిడ బాగా మాట్లాడింది. దుప్పటి మడతపెట్టడం గురించి చెప్పింది. పెద్ద దుప్పట్లు ఒక్కళ్ళ వల్ల కావట. అటు రెండు చివర్లు ఒకళ్ళు, ఇటు రెండు చివర్లు ఒకళ్ళు పట్టుకుని, లాగి, మడిచి, దగ్గరికి నడిచి చివర్లు చేతిలో పెట్టాలి. అవతల పట్టుకునే మనిషిది ఏ దేశమో ఈవిడకి తెలీదు. భాష కలవదు. నాలుగు నెలలుగా ఆమెతో రోజుకి మూడొందల దుప్పట్లు మడిచింది.

"చివర్లు అందించేటప్పుడు వేళ్ళు తగులుతాయి చూడండి. రోజంతా నన్ను మనిషి తాకేది ఆ ఒక్కటే. ఆయన పోయాక."

"రోజంతా నన్ను మనిషి తాకేది ఆ ఒక్కటే" అన్నాను నేను.

అంటూ ముక్కు ఎగబీల్చాను. కౌన్సెలర్ లాండ్రీ ఆవిడ వైపు చూస్తూ తల ఊపింది, ఎంతో మెత్తగా. ఆ చూపు నా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఒక్క క్షణం నాకు ఈర్ష్య పుట్టింది. సిగ్గు లేకపోతే సరి, మొగుడు పోయిన మనిషిని చూసి ఈర్ష్యపడతానా?

పడ్డాను మరి. ఎవరైనా ఏమైంది అని అడిగితే చెప్పడానికి ఆవిడకి ఒక సంగతి ఉంది.

సెప్టెంబర్ 12

కుర్చీ మళ్ళీ జరిగింది. ఈసారి రెండు పలకలు. ఫ్రిజ్ మీద చీటీ పెట్టాను: "నా కుర్చీ ఎందుకు జరుపుతున్నారు?"

సెప్టెంబర్ 13

చీటీ కింద ఆయన రాత: "ఏ కుర్చీ? నేను జరపలేదు. పాలు అయిపోయాయి."

పాపం, గిడ్డంగిలో చలిగదిలో పనిచేసి ఒళ్ళు తెలియకుండా వస్తారు. ఏం జరుపుతున్నారో ఆయనకే గుర్తుండి ఉండదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

చాలా మంచి రోజు. ఆవిడ వాక్యం మొదలుపెట్టగానే చివర ఏమంటుందో నాకు తెలిసిపోతోంది. ఒకటి రెండు చోట్ల ఆవిడ ఆగితే నేనే పూర్తి చేశాను. కౌన్సెలర్ ఎంత శ్రద్ధగా విందో! పెన్ను ఆగలేదు.

ఆవిడ కుర్చీ సంగతి కూడా చెప్పింది. ఇంట్లో కుర్చీ దానంతటదే జరుగుతోందట. రోజూ కొంచెం. బాల్కనీ వైపు.

మా ఇంట్లోలాగే! ఆవిడకి చెబుదామనుకున్నాను, కానీ దుబాసీకి అలాంటివి ఉండవు.

సెప్టెంబర్ 19

ఇవాళ ఇంటి దగ్గరనుంచి ఫోను పని, వేరే ఊళ్ళవాళ్ళకి దుబాసీగా. చెవికి తగిలించుకుని ఇల్లంతా తిరుగుతూ మాట్లాడతాను, కూర్చుంటే నిద్రొస్తుంది. పొద్దున నాకు ఆరో నెల, కాళ్ళు వాచాయి. పదింటికి నా మోకాలు అరిగిపోయింది, మెట్లెక్కలేను. పన్నెండింటికి నా కొడుకు బళ్ళో ఎవరితోనూ మాట్లాడటం లేదు, టీచరు కంగారుపడుతోంది. రెండింటికి నాకు పళ్ళు కట్టించుకోవాలి, నేను డెబ్భై ఏళ్ళ మగవాణ్ణి. నవ్వొచ్చింది. ఇన్ని ఒళ్ళు ఒక్కరోజులో ఏ దేవుడూ మార్చి ఉండడు.

సాయంత్రం లెక్క వేసుకున్నాను, ఇవాళ నా సొంత మాట ఎన్నిసార్లు మాట్లాడానా అని. కొట్లో పాల పాకెట్టు దగ్గర "ఇదొకటి" అన్నాను. అదే.

కుర్చీ నాలుగో పలక మీద ఉంది. బల్లనుంచి బాల్కనీ తలుపుకి తొమ్మిది పలకలు.

సెప్టెంబర్ 23, మంగళవారం

కౌన్సెలర్ మొదలుపెడుతూనే అడిగింది: "పోయినసారి కుర్చీ సంగతి చెప్పారు కదా. ఇంకా జరుగుతోందా?"

తెలుగులో అడిగాను. ఆవిడ "ఏ కుర్చీ?" అంది.

"ఏ కుర్చీ?" అని చెప్పాను, నియమం ప్రకారం. చెప్పి, కౌన్సెలర్ కంగారుపడుతుందేమోనని, "దుబాసీ అంటోంది, ఆవిడకి గుర్తు లేనట్టుంది" అన్నాను. కౌన్సెలర్ ఏదో రాసుకుంది.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఏమని చెప్పావమ్మాయ్? ఒక ముక్కకి మూడు ముక్కలు చెప్పినట్టున్నావే" అంది. భాష రాకపోయినా మాటల పొడుగు లెక్కపెట్టుకుంటోంది! ఇక్కడి భాషలో అంతేనమ్మా, సాగదీసి చెప్పాలి అన్నాను. నమ్మినట్టు లేదు.

మతిమరుపు మొదలైంది పాపం. దిగులుకి అలాగే అవుతుందట.

సెప్టెంబర్ 24

అక్క ఫోన్. "నీ గొంతేంటే ఎవరిదోలా ఉంది? జలుబా?" అంది. జలుబే అన్నాను.

"ఏమన్నా ఉంటే చెప్పు."

"ఏముంటుందే! కారణం లేకుండా చెప్పడానికి నేనేమన్నా చిన్నపిల్లనా?"

ఫోను పెట్టేశాక ఆ మాటే చాలాసేపు తిరిగింది. కారణం లేకుండా. నాకు నిజంగానే కారణం లేదు. ఎవరూ పోలేదు. ఎవరూ కొట్టలేదు. ఎవరైనా ఏమైంది అంటే ఏమీ కాలేదు అనాలి. ఏమీ కాకుండానే పొద్దున లేవగానే రాయిలా ఉంటుంది మనసు. దాన్ని ఎవరికి చెబుతాం? ముందు నవ్వుతారు.

కొట్టేశాను ఈ పేరా. మళ్ళీ చదివితే ఎవరో రాసినట్టుంది. లాండ్రీ ఆవిడ మాటలు నా పెన్నులోకి వస్తున్నాయి.

సెప్టెంబర్ 27

ఆరో పలక.

సెప్టెంబర్ 30, మంగళవారం

వరసగా రాస్తాను.

ఇవాళ గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కౌన్సెలర్ అలా వదిలేస్తుంది అప్పుడప్పుడు. కిటికీ అద్దంలో మా ముగ్గురి నీడలూ కనిపిస్తున్నాయి. లాండ్రీ ఆవిడ తల వెనక నా తల, ఒకే మెడ మీద రెండు తలల్లా. ఆ నిశ్శబ్దంలో ఆవిడ మాటలు వినిపించాయి. నేను చెప్పాను: "బాల్కనీలో నిలబడితే కిందికి చూస్తూ ఉండిపోతున్నాను. ఏడో అంతస్తు. భయం వేయడం లేదు, అదే భయంగా ఉంది. కుర్చీ మాత్రం రోజూ దగ్గరికొస్తోంది."

కౌన్సెలర్ పెన్ను కింద పెట్టేసింది. ముందుకి వంగి లాండ్రీ ఆవిడ చేతులు పట్టుకుంది. "మీరు ఏడో అంతస్తులో ఉంటున్నారా? బాల్కనీ ఉందా?" అని అడిగింది.

తెలుగులో అడిగాను. ఆవిడ "బాల్కనీనా? నాదసలు నేలమాళిగ గది కదమ్మా! కిటికీ కూడా కప్పుకి ఆనుకుని ఇంత పలకంత ఉంటుంది. దాంట్లోంచి జనాల చెప్పులు తప్ప ఏం కనపడవు. ఎందుకడుగుతోంది?" అంది.

నేను... ఏం చెప్పాను? "ఆ సంగతి మాట్లాడలేను" అని చెప్పాను. ఆవిడ దాస్తోంది, నాకు తెలుసు. ఇలాంటివాళ్ళు దాస్తారని శిక్షణలో చెప్పారు. ఉన్నదున్నట్టు చెబితే కౌన్సెలర్ తేలిగ్గా తీసుకుంటుందని భయం వేసింది. ఏమీ కలపకూడదు, ఏమీ వదలకూడదు. ఇవాళ మొదటిసారి వదిలాను. ఆవిడ మంచికే.

కౌన్సెలర్ నెమ్మదిగా చెప్పింది: "వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే మిమ్మల్ని కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచాలి. మీ క్షేమం కోసం."

అది చెప్పాను. ఆవిడ బిత్తరపోయింది. "ఆస్పత్రా? దేనికి? పని పోతుంది కదా! నేనేమన్నానని?" ఆ ముక్కలన్నీ ఇక్కడి భాషలో చెప్పాను, ఒక్కటీ వదలకుండా.

మెట్ల దగ్గర విడిపోయేటప్పుడు స్పష్టంగా వినపడింది: "వెళ్తున్నాను." వెళ్ళొస్తాను కాదు. వెళ్తున్నాను. మన ఇళ్ళలో ఆ మాట ఎవరన్నా అంటే వెనక్కి పిలిచి మళ్ళీ చెప్పిస్తారు. ఆవిడ ఆగి, నా మొహంలోకి చూసి, మెట్లు దిగిపోయింది.

కౌన్సెలర్‌కి చెప్పాలా? ఏమని? రెండు మాటలకీ ఇక్కడి భాషలో ఒకటే మాట.

అక్టోబర్ 3

చెప్పలేదు.

అక్టోబర్ 7, మంగళవారం

ఆవిడ రాలేదు.

పదిన్నరనుంచి పదకొండున్నర దాకా కౌన్సెలర్, నేను, ఖాళీ కుర్చీ. మాట్లాడటానికి మనిషి లేనప్పుడు దుబాసీ ఏం చెయ్యాలో శిక్షణలో చెప్పలేదు. కౌన్సెలర్ లాండ్రీకి ఫోన్ చేసింది. ఇవాళ సెలవు పెట్టిందట.

"ఆవిడ చివరిగా ఏమన్నా అందా?" అని నన్ను అడిగింది. నన్ను! అయినా చూపు ఖాళీ కుర్చీ మీదే ఉంది, అలవాటుగా.

"దుబాసీ అంటోంది, సెలవు అని మాత్రమే" అన్నాను.

నేను చంపేశాను ఆవిడని. ఒక్క మాట జారవిడిచాను.

అక్టోబర్ 8

మధ్యాహ్నం ఆస్పత్రి వెనక లాండ్రీ గేటు దాకా వెళ్ళాను. వేడి ఆవిరి గొట్టంలోంచి బయటికొస్తోంది. లోపల ఇద్దరు దుప్పటి మడుస్తున్నారు. తెల్ల దుప్పటి అడ్డంగా ఉండటంతో అవతలి మనిషి మొహం కనపడలేదు. దగ్గరికి నడిచారు, దూరం జరిగారు, మళ్ళీ దగ్గరికి. చివరికి దుప్పటి చిన్నదైపోయి మొహం కనిపించింది. ఆవిడే!

బతికే ఉంది. గోడకి ఆనుకున్నాను. ఆవిడ నన్ను చూడలేదు. పలకరించకుండా వచ్చేశాను, బయట కలవకూడదు కదా.

మరి ఎందుకు రాలేదు?

ఇంటికొచ్చేసరికి కుర్చీ ఎనిమిదో పలక మీద ఉంది. ఆయన పొద్దున్నే పనికి వెళ్ళిపోయారు. నేను బయలుదేరేటప్పుడు ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. వెనక్కి పెట్టలేదు. పెట్టి ఏం లాభం?

అక్టోబర్ 11

తొమ్మిది. కుర్చీ ముందు కాళ్ళు గడప మీదున్నాయి. ఎండ పడుతోంది. కూర్చుంటే హాయిగా ఉంది. చాలా హాయిగా ఉంది. ఇంత కాలం ఎందుకు భయపడ్డానో అర్థం కాలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

పొద్దున తలుపు దగ్గర మా ఆయన బూట్లు వేసుకుంటున్నారు. నేను ముందు బయలుదేరాను. "వెళ్తున్నాను" అన్నాను. ఆయన తలెత్తి చూశారు. ఏదో అనబోయారు. లిఫ్టు వచ్చేసింది.

గదికి వెళ్ళేసరికి లాండ్రీ ఆవిడ వచ్చి కూర్చుని ఉంది. నేను వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. కౌన్సెలర్ "వచ్చినందుకు సంతోషం" అంది. నేను తెలుగులో చెప్పబోతుంటే ఆవిడ లేచింది. కుర్చీ రెండు చేతులా పట్టుకుని ఎత్తి, నా వైపుకి తిప్పి వేసింది. దించేటప్పుడు కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"అమ్మాయ్, నేనిప్పుడు చెప్పేది ఆవిడకి చెప్పాలి. ఉన్నదున్నట్టు. ఒక్క ముక్క వదిలావంటే నా మీద ఒట్టు. ఇది నీ గురించి" అంది.

"అలా తిరగకూడదండీ" అన్నాను.

"చెప్పు ముందు."

చెప్పాను. నేను చేసే పని అదే కదా. ఆవిడ ఒక్కో వాక్యం చెప్పి ఆగింది, నేను ఒక్కో వాక్యం ఇక్కడి భాషలోకి మార్చాను. అక్షరం పొల్లు పోకుండా.

"ఈ అమ్మాయిని తలుచుకుంటే నాకు భయంగా ఉంది" అన్నాను.

"నేను ఎప్పుడూ కుర్చీ అనలేదు. నాకు బాల్కనీ లేదు. మీరు అడుగుతున్నారు, నేను అనలేదు. ఈ గదిలో ఉన్నది ముగ్గురం. మరి ఆ కుర్చీ ఎవరిదో మీరే చూసుకోండి" అన్నాను.

"పోయినసారి మెట్ల దగ్గర నేను వెళ్ళొస్తానన్నాను. ఈ అమ్మాయి నాతో, వెళ్తున్నాను అంది. మా భాషలో అలా అనరు. తిరిగి రానివాళ్ళు తప్ప అనరు" అన్నాను.

ఇక్కడ నా నోరు ఆగింది. నేనా? నేనా అన్నది? ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి తట్టింది, కానియ్ అన్నట్టు.

"పోయిన మంగళవారం నేను రాలేదు. ఊరంతా తిరిగాను, మా భాష వచ్చిన ఇంకో మనిషి దొరుకుతారేమోనని. ఈ అమ్మాయి సంగతి ఈ అమ్మాయి నోటితో ఎలా చెప్పించను? ఎవరూ దొరకలేదు. అందుకని ఇలా చెబుతున్నాను. ఈ అమ్మాయి చాలా మంచి పిల్ల. నేను ఏడిస్తే నాకంటే ముందు ఏడుస్తుంది. వెనకనుంచి వినపడుతుంది నాకు. దీన్ని ఎవరూ అడగరు. దీన్ని కాస్త అడగండి" అన్నాను.

దీన్ని అన్న చోట ఇక్కడి భాషలో ఆ చనువు రాదు. ఆమెని అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తూంటే ఆ "ఆమె" ఎక్కడో దూరంగా, ఏడో అంతస్తులో, ఎండలో కూర్చుని ఉన్నట్టు కనిపించింది. వెనకనుంచి. తల కొంచెం కిందికి వంచుకుని.

కౌన్సెలర్ చూపు మొదటిసారి ఆవిడని దాటి నా మీదకి వచ్చి ఆగింది. "దుబాసీ ఏమంటోంది?" అని అడిగింది.

"దుబాసీ అంటోంది..." అన్నాను. "దుబాసీ అంటోంది, దుబాసీకి ఏమీ లేదు. ఏ కారణమూ లేదు."

"ఏమన్నావు?" అంది లాండ్రీ ఆవిడ.

అది కూడా తెలుగులో చెప్పాలి కదా. "దుబాసీకి ఏమీ లేదు, ఏ కారణమూ లేదు అన్నానండీ."

"దుబాసీ సంగతి ఎవరికి కావాలే? నిన్నడుగుతున్నాను. కారణం లేకపోతే మానె. కారణం ఉన్నవాళ్ళకేనా దిగులు?"

నానిపోయి ముడతలుపడ్డ ఆ చేతులు నా రెండు చేతులూ పట్టుకున్నాయి, దుప్పటి చివర్లు అందించినట్టు. ఎన్ని నెలలైందో నన్నలా పట్టుకుని! ఏడుపొచ్చింది. ఇంకెవరి ఏడుపూ కాదు.

"కుర్చీ నాది" అన్నాను తెలుగులో.

తర్వాత అలవాటు ప్రకారం కౌన్సెలర్ వైపు తిరిగి ఇక్కడి భాషలో కూడా చెప్పాను. "కుర్చీ నాది."

అక్టోబర్ 15

మా ఆయన ఇవాళ పనికి వెళ్ళలేదు. నిన్న కౌన్సెలర్ ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా నన్ను కదలనివ్వలేదు. ఇంటికొచ్చి ఆయన చేసిన మొదటి పని బాల్కనీ తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకోవడం.

"ఆ చీటీ తర్వాత నువ్వే కుర్చీ జరపడం చూశాను, రెండు మూడుసార్లు" అన్నారు. "చెవికి ఫోను పెట్టుకుని తిరుగుతూ, ఎవరి మాటలో చెబుతూ, ఒక చేత్తో అలా లాగేదానివి. ఎవరితోనో మాట్లాడుతున్నావు కదా అని అడ్డు రాలేదు. ఎండ కోసమేమో అనుకున్నాను."

"మరి అడగచ్చు కదా!"

"నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు కదే."

నిజమే. రోజంతా మాట్లాడుతూనే ఉన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ ఆయనా తన సంగతేమీ చెప్పడం లేదని అప్పుడు తట్టింది. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం. చీటీలన్నీ ఫ్రిజ్ మీదనుంచి తీసేశాను.

సెప్టెంబర్ 24న కొట్టేసిన పేరా మళ్ళీ చదివాను. రాసింది నేనే.

అక్టోబర్ 21, మంగళవారం

లాండ్రీ ఆవిడకి ఇంకో దుబాసీని ఏర్పాటు చేశారు. ఆస్పత్రి మాట కొట్టేశారు. తొమ్మిదిన్నరకి ఆవిడ వంతు, పదిన్నరకి నాది. మెట్ల మీద ఎదురుపడింది. "కొత్త దుబాసీ మగవాడమ్మా, ఫోన్లో. నా మాటలు మగగొంతుతో వింటుంటే ఒకటే నవ్వు. మా ఆయన వచ్చి మాట్లాడినట్టుంది" అని కళ్ళు తుడుచుకుంది. నవ్వుతూనే.

నేను ముందు కుర్చీలో కూర్చున్నాను. కౌన్సెలర్ అడిగింది: "మీకు ఇక్కడి భాష బాగా వచ్చు. ఏ భాషలో మాట్లాడతారు?"

ఆలోచించి, తెలుగులో అన్నాను.

బల్ల మీద ఫోను పెట్టింది. ఎక్కడో ఉన్న ఎవరో మగమనిషి. నేను "పొద్దున లేవాలంటే భయం" అన్నాను. "పొద్దున లేవాలంటే భయం" అన్నాడు అతను అవతలి భాషలో. నా మాట నన్ను వదిలి వెళ్ళి, ఇంకొకరి గొంతులోంచి బయటికొస్తోంది. లాండ్రీ ఆవిడ ఇన్ని వారాలు ఇది ఎలా భరించిందో! రెండుసార్లు అతను వదిలేసిన ముక్కలు పట్టుకున్నాను కానీ సరిదిద్దలేదు. ఒకసారి అతని గొంతు జీరపోయింది. అప్పుడు ఆపి, "మీరు బాగానే ఉన్నారా అండీ?" అని అడిగాను. "దుబాసీ అంటున్నాడు, దుబాసీ బాగానే ఉన్నాడు" అన్నాడు. నేను నమ్మలేదు. కౌన్సెలర్‌తో చెప్పి ఆయన్ని కూడా ఎవరైనా అడిగేలా చూడమన్నాను.

గంట అయిపోయింది. లేచి, "వెళ్ళొస్తాను" అన్నాను.

ఫోనులోంచి సెలవు మాట వచ్చింది. మామూలుగా అందరం చెప్పే మాటే. నేను తలుపు దగ్గరికి వెళ్ళాక వెనకనుంచి మళ్ళీ ఆ గొంతు వినపడింది. "దుబాసీ అంటున్నాడు, ఒక్క మాట. ఆవిడ అన్నది సెలవు అని కాదు. వెళ్ళి, మళ్ళీ వస్తాను అని."

కౌన్సెలర్ పెన్ను ఆపి నా వైపు చూసింది. "నిజమేనా?" అంది.

నిజమే, నేను వస్తాను అన్నాను. ఇక్కడి భాషలో, దుబాసీ లేకుండా, నేనే.